పది రోజుల్లో సిగరెట్ మాన్పిస్తామనే చుక్కల మందు కొనేముందు ఇది చదవండి

సిగరెట్, బీడీ, గుట్కా ఏ అలవాటైనా పది రోజుల్లో మాన్పిస్తామంటూ ఫోన్లో కనిపిస్తున్న చుక్కల మందు ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. ఇంట్లో ఎవరి కోసమైనా కొనాలనుకుంటుంటే కాస్త ఆగండి. మా ఇంట్లో ఆ మందు కొన్నారు. డబ్బు పోయింది. దానికి మించిన నష్టం మరొకటి జరిగింది. దాని గురించి ఎవరూ చెప్పడం లేదు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా అన్నయ్యకు కాలేజీ రోజుల నుంచి సిగరెట్ అలవాటు. పని విజయవాడ ఆటోనగర్‌లో. అడుగడుగునా టీ కొట్టు, ప్రతి టీ కొట్టులోనూ విడి సిగరెట్లు. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం రావడం మొదలయ్యాక, ఎవరూ పోరకుండానే, ‘ఇక మానేస్తాను’ అన్నాడు. ఏళ్ల తరబడి పొగ తాగిన మనిషి నోట ఆ మాట రావడం ఎంత గొప్ప విషయమో అలాంటివారు ఇంట్లో ఉన్నవాళ్లకు తెలుసు. అన్నయ్య ఆ మాట అన్న రోజుల్లోనే మా వదిన ఫోన్లో ఈ ప్రకటన కనిపించింది. ఆమెను ఏమీ అనడానికి లేదు. భర్త ఆరోగ్యం కోసం ఆరాటపడే ఇల్లాలిని దృష్టిలో పెట్టుకునే ఆ ప్రకటన తయారుచేశారు.

తెల్లకోటు వేసుకున్న మనిషి, వెనకాల ఆకులూ వేళ్లూ. పూర్తిగా ఆయుర్వేదం, దుష్ప్రభావాలు లేవు, రుచీ వాసనా లేదు, టీలోనో పప్పులోనో కలిపితే ఆయనకు తెలియనే తెలియదు, ఫలితం లేకపోతే డబ్బు వాపసు. ఫోన్ నంబరు నమోదు చేసిన కాసేపటికే పిలుపు వచ్చింది. ‘అమ్మా, అమ్మా’ అంటూ ఎంతో ఆప్యాయంగా మాట్లాడిన వ్యక్తి తాను వైద్యుడినని చెప్పుకున్నాడు. రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే మాట మార్చాడు. ప్రకటనలో ఉన్నది ఒక్క సీసా ధర. ‘సారు ఎన్నేళ్ల నుంచి తాగుతున్నారు?’ అని అడిగి, జవాబు వినగానే ‘అయితే ఒక సీసాతో కాదమ్మా, మూడు సీసాల కోర్సు వాడాలి’ అన్నాడు. అలా మూడు వేల రూపాయలు దాటింది. క్యాష్ ఆన్ డెలివరీ కదా, చూసి తీసుకోవచ్చని అనుకుంటాం. డబ్బు చేతిలో పెట్టేదాకా కొరియర్ అబ్బాయి పార్సిల్ విప్పనివ్వలేదు.

సీసా మీది లేబుల్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. నిజమైన ఆయుర్వేద మందైతే దాని మీద తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, అది ఆయుర్వేద ఔషధమన్న మాట ఉండాలి. దీని మీద అవేవీ లేవు. అమ్మేవాళ్ల పేరు మాత్రం పెద్దగా ఉంది. కింద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉంది. దాని పక్కనే, కళ్లద్దాలు పెట్టుకున్నా కష్టం మీద కనిపించే ఇంగ్లిషు అక్షరాల్లో, ఇది ఔషధంగా వాడటానికి కాదని రాసి ఉంది. ప్రకటనలో మందు, లేబుల్ మీద ఆహారం. మీ చేతికి ఇలాంటి సీసా వస్తే ముందు ఆ ఒక్క వాక్యం కోసం వెతకండి.

అన్నయ్య చుక్కలు మొదలుపెట్టి, ఆ రోజే సిగరెట్లు పూర్తిగా ఆపేశాడు. రెండో రోజుకల్లా నిద్ర లేదు. చేతులు నిలకడగా ఉండేవి కావు, చిన్న మాటకు పెద్ద కోపం, పనిలో మనసు నిలవదు. దగ్గు తగ్గకపోగా పెరిగింది. వదిన కంగారుపడి ఆ నంబరుకు ఫోన్ చేస్తే, ‘విషం బయటికి పోతోంది, మంచి లక్షణమే, చుక్కలు రెట్టింపు చేయండి’ అన్నారు. రెట్టింపు చేస్తే సీసా సగం రోజుల్లోనే అయిపోతుంది. మరో కోర్సు కొనమని వాళ్లే ఫోన్ చేశారు. వారం తిరగకముందే అన్నయ్య మళ్లీ సిగరెట్ వెలిగించాడు. ‘మందు వేసుకున్నా ఆగలేకపోయాను, ఇక నా వల్ల కాదు’ అన్నాడు.

నేను చెప్పిన పెద్ద నష్టం ఇదే. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. ఎన్నో ఏళ్లకు ఒకసారి కలిగిన పట్టుదలను ఆ సీసా మింగేసింది. లోపం మందులో ఉంటే అన్నయ్య అది తనలోనే ఉందనుకున్నాడు. ఆ తర్వాత చాలాకాలం మా ఇంట్లో మానేయడం గురించిన మాటే ఎత్తనివ్వలేదు.

అసలు అన్నయ్యకు జరిగిందేమిటో తర్వాత ఛాతీ వైద్యుడు చెబితే తెలిసింది. ఒంట్లోని నికోటిన్ సుమారు రెండు గంటలకు సగానికి పడిపోతుంది. అందుకే గంట గంటకూ సిగరెట్ మీదికి చెయ్యి పోతుంది. ఒక్కసారిగా ఆపితే చిరాకు, నిద్రలేమి, దిగులు, విపరీతమైన ఆకలి వస్తాయి. మొదటి రెండు మూడు రోజులు అవి ఉధృతంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందిలో తగ్గిపోతాయి. దగ్గు పెరగడం కూడా కొందరిలో మామూలే. పొగ వల్ల మొద్దుబారిన శ్వాసనాళాల్లోని సన్నని నూగు మళ్లీ పనిలోపడి కఫాన్ని పైకి నెడుతుంది. అంటే చుక్కలు వేసుకున్నా వేసుకోకపోయినా అన్నయ్యకు ఇవన్నీ వచ్చేవే. ముందే చెప్పి ఉంటే ఓర్చుకునేవాడు. ‘ఏ ఇబ్బందీ ఉండదు’ అన్న హామీని నమ్మాడు కాబట్టే ఇబ్బంది రాగానే కుంగిపోయాడు. ఇబ్బందే లేకుండా సిగరెట్ మాన్పిస్తామని ఎవరు చెప్పినా నమ్మకండి. తగ్గిస్తామని చెబితే వినండి.

తెలియకుండా కలిపి పెట్టమని చెప్పడం నాకు మరీ కోపం తెప్పించింది. సీసాలో ఏముందో తెలియదు. తినే మనిషికి బీపీ ఉందో, షుగరు ఉందో, ఏ మందులు వాడుతున్నాడో అమ్మేవాడు అడగడు. పైగా మానేయాల్సిన మనిషికి తెలియకుండా అలవాటు మానడం జరగదు. మానేది ఆయన. తన పక్కన ఇల్లంతా ఉందని ఆయనకు తెలియాలి. దొంగచాటుగా అన్నంలో ఏదో కలిపారని బయటపడిన రోజున అదే ఇంటివాళ్ల మీద నమ్మకం పోతుంది. మా ఇంట్లో ఆ పని జరగలేదు కానీ, ఫోన్లో మాట్లాడిన వ్యక్తి ఆ సలహాను రెండు మూడుసార్లు ఇచ్చాడు.

డబ్బు వాపసు సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదట సీలు తీసిన సీసాకు వాపసు లేదన్నారు, తర్వాత మూడు సీసాలూ పూర్తిచేస్తేనే హామీ వర్తిస్తుందన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఇక్కడితో అయిపోలేదు. కొన్నాళ్లకు వేరే నంబరు నుంచి ఒకరు ఫోన్ చేసి, ‘మీకు డబ్బు తిరిగి వస్తుంది, ముందుగా ప్రాసెసింగ్ ఛార్జీ పంపండి, మేం పంపే లింకు తెరవండి’ అన్నారు. మనం ఏ మందు కొన్నామో, ఎంత కట్టామో అన్నీ వాళ్లకు తెలుసు. ఒకసారి మోసపోయినవారి వివరాలు పట్టుకుని రెండోసారి దోచుకునే పద్ధతి ఇది. అలాంటి ఫోన్ వస్తే పెట్టేయండి. అప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

సిగరెట్‌కు బదులుగా అమ్మే మరో రెండు వస్తువుల గురించి కూడా చెప్పాలి. ఎలక్ట్రానిక్ సిగరెట్ మానడానికి సాయపడుతుందని చెప్పి కొందరు గుట్టుగా అమ్ముతున్నారు. మన దేశంలో 2019 చట్టం ప్రకారం వాటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషిద్ధం. దొంగచాటుగా వచ్చే సరుకులో నికోటిన్ ఎంతో, ఇంకేమున్నాయో ఎవరూ పరీక్షించరు. ఇక తులసి, లవంగం పేర్లతో వచ్చే మూలికల సిగరెట్లు. ఏ ఆకును కాల్చి పీల్చినా తారు, కార్బన్ మోనాక్సైడ్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. వేళ్ల మధ్య పెట్టుకుని వెలిగించే అలవాటు కూడా అలాగే మిగిలిపోతుంది.

మరి కొనదగినవేవీ లేవా అంటే ఉన్నాయి. మా అన్నయ్యను చాలా బతిమాలి ప్రభుత్వ ఆసుపత్రి ఛాతీ విభాగానికి తీసుకెళ్లాం. అక్కడ డాక్టరు నికోటిన్ చూయింగ్ గమ్ రాశారు. ఇది 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాముల మోతాదుల్లో దొరుకుతుంది. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరు చెబుతారు. చర్మానికి అంటించుకునే ప్యాచ్‌లు ఉన్నాయి. అవసరమైతే వారెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలు రాస్తారు. ఇవన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల్లో సిఫారసు చేసిన మందులే. మాత్రలు మాత్రం సొంతంగా కొని వేసుకునేవి కావు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు గమ్‌కు కూడా ముందుగా డాక్టరును అడగాలి.

గమ్ విషయంలో ఒక జాగ్రత్త. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే గొంతు మండుతుంది, వెక్కిళ్లు వస్తాయి, కడుపులో తిప్పుతుంది. చాలామంది అక్కడే ‘ఇదీ పనికిరాదు’ అని పక్కన పడేస్తారు. మెల్లగా కొన్నిసార్లు నమిలి, నాలుక మీద ఘాటు తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా ఒక గమ్ అరగంట వస్తుంది. నికోటిన్ లోపలికి వెళ్లేది నోటి పొర ద్వారా, కడుపు ద్వారా కాదు. కాఫీ, శీతల పానీయాలు తాగిన పావుగంట దాకా గమ్ వేసుకోకూడదు, వాటి పులుపు నికోటిన్‌ను నోటి పొరలోకి ఇంకనివ్వదు. మాకు గమ్ అమ్మిన దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పలేదు.

కాఫీ, టీల గురించి డాక్టరు చెప్పిన మరో మాట మా అందరికీ కొత్త. పొగ తాగేవారి శరీరం కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేస్తుందట. సిగరెట్ ఆపి, టీలు మాత్రం మునుపటిలాగే తాగితే ఒంట్లో కెఫీన్ ఎక్కువై గుండెదడ, నిద్రలేమి పెరుగుతాయి. మానేసిన బాధ అనుకునేదాంట్లో కొంత టీ బాధే కావచ్చు. అన్నయ్య సాయంత్రం టీలు తగ్గించాడు. నిద్ర కొంత కుదుటపడింది.

వీటన్నిటికంటే ఎక్కువ సాయం డబ్బు ఖర్చు లేకుండా దొరికింది. సిగరెట్ పెట్టె మీద భయపెట్టే బొమ్మ కింద 1800-11-2356 అని ఒక నంబరు ఉంటుంది. అది కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన జాతీయ పొగాకు విరమణ సహాయవాణి. 2018 నుంచి పెట్టెల మీద ముద్రిస్తున్నారు. రోజూ చేతిలో పట్టుకుని తిరిగే పెట్టె మీద ఉన్నా దాన్ని ఎవరూ చదవరు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఉన్న కేంద్రం ద్వారా తెలుగులోనూ మాట్లాడతారు. వాళ్లేమీ అమ్మరు. ఎప్పుడు తాగబుద్ధవుతుంది, లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్, ఇంతకుముందు ఎందుకు తప్పింది అని అడిగి, మానేసే తేదీ ఒకటి పెట్టించారు. ఆ తేదీ తర్వాత వాళ్లే ఫోన్ చేసి ఎలా ఉందని అడిగారు. అన్నయ్యకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ పిలుపే.

పట్టుదల నిలబడటానికి ఉపయోగపడినవి రెండు మూడు చెబుతాను. సిగరెట్ మీది యావ అలలా వచ్చి కొద్ది నిమిషాల్లో పోతుందని, తాగినా తాగకపోయినా పోతుందని అన్నయ్యకు అనుభవంలో తెలిసింది. ఆ కొద్ది నిమిషాలు నడవడమో, నీళ్లు తాగడమో, వదినకు ఫోన్ చేయడమో చేసేవాడు. భోజనం కాగానే లేచి వెళ్లి పళ్లు తోముకునేవాడు. టీ కొట్టు దగ్గర నిలబడే మిత్రులతో కొన్నాళ్లు తనకు ఇవ్వొద్దని ముందే చెప్పాడు. ఒకరిద్దరు వెక్కిరించారు, మిగిలినవాళ్లు మాట నిలబెట్టుకున్నారు. ఒక పెళ్లిలో సిగరెట్ తాగాడు. చుక్కల మందు రోజుల్లోలాగా ‘అయిపోయింది’ అనుకోలేదు. మర్నాడు సహాయవాణికి చెప్పుకుని మళ్లీ మానేశాడు. ఏ సాయమూ లేకుండా ఒక ప్రయత్నంలో ఏడాదిపాటు నిలిచేవారు నూటికి ముగ్గురు నుంచి అయిదుగురే. కాబట్టి తప్పినవారిని బలహీనులనడం అన్యాయం. మాట సాయం, సరైన మందు రెండూ తోడైతే ఆ అవకాశం రెట్టింపు కన్నా ఎక్కువవుతుంది. మానేసిన ఏడాదికి గుండె జబ్బు ముప్పు తాగేవారితో పోలిస్తే సుమారు సగానికి తగ్గుతుందని డాక్టరు చెప్పిన మాటను అన్నయ్య తన దుకాణం క్యాలెండరు మీద రాసుకున్నాడు.

ఇప్పటికే ఆ చుక్కలు కొన్నవారు సీసా పారేయకండి. లేబుల్ నాలుగు వైపులా ఫొటో తీయండి. కొరియర్ చీటీ, చెల్లించిన రసీదు, ఫోన్ నంబర్లు, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కి ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు, వకీలు కూడా తప్పనిసరి కాదు. మేం 1915లో ఫిర్యాదు ఇచ్చాం, లేబుల్ ఫొటోలు జతచేశాం. అదే చుక్కలు వేరే పేరుతో, అదే తెల్లకోటు మనిషితో మళ్లీ ప్రకటనల్లోకి వచ్చాయి. పేరు చూసి పోల్చుకోలేరు. ఆహార లైసెన్సు నంబరు, ‘ఔషధంగా వాడటానికి కాదు’ అన్న చిన్న అక్షరాలు, ‘ఆయనకు తెలియకుండా కలపండి’ అన్న మాట, ఈ మూడూ కలిసి కనిపిస్తే మాత్రం పార్సిల్ తీసుకోకుండా వెనక్కి పంపేయండి.