లిస్ట్‌వ్యూ బిల్డరా, సింగిల్‌చైల్డ్‌స్క్రోల్‌వ్యూనా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో రోజూ చేపల ధరలు చూపించే యాప్ ఒకటి ఫ్లట్టర్‌లో (యాప్‌లు తయారు చేసే గూగుల్ టూల్‌కిట్) చేస్తున్నారనుకోండి. బోటు ఓనర్ వివరాలు నింపే ఫారం ఒక స్క్రీన్, వంజరం, చందువ, రొయ్యలు అంటూ ఎంతకీ తెగని ధరల జాబితా ఇంకో స్క్రీన్.

ఫారంకి సింగిల్‌చైల్డ్‌స్క్రోల్‌వ్యూ చాలు, అది లోపల పెట్టిన ఒక్క విడ్జెట్‌ని (తెర మీది భాగాలను ఫ్లట్టర్‌లో అలా అంటారు) స్క్రోల్ చేయిస్తుంది. లోపల ఒక కాలమ్ (విడ్జెట్లను నిలువుగా పేర్చేది) పెట్టేస్తే, కీబోర్డు పైకి లేచినప్పుడు చోటు చాలక కింద కనబడే ఆ పసుపు నలుపు హెచ్చరిక చారలు (చూస్తేనే టెన్షన్) పోతాయి.

జాబితాకి మాత్రం అది వద్దు. తెర మీద లేనివాటితో సహా లోపలి విడ్జెట్లన్నిటినీ ఒకేసారి తయారు చేసేస్తుంది, పైగా ప్రతి చేపకీ ఫోటో ఉంటే చవక ఫోన్లు అసలు తట్టుకోవు. లిస్ట్‌వ్యూ డాట్ బిల్డర్ అయితే కనబడేవి, వాటికి పైనా కిందా డిఫాల్ట్‌గా 250 పిక్సెళ్ల మేర ఉన్నవి మాత్రమే తయారు చేస్తుంది. దీంతో పేచీ ఎక్కడంటే, కాలమ్‌లో నేరుగా పెడితే తన ఎత్తు ఎంతో తేలక ఎర్రర్ కొడుతుంది. ష్రింక్‌ర్యాప్ (లోపలివాటికి సరిపడా ఎత్తే తీసుకోమనే సెట్టింగ్) ట్రూ చేసెయ్ అని చాలామంది చెప్తారు, ఎర్రర్ పోతుంది నిజమే, కానీ ఎత్తు లెక్క కోసం మళ్లీ అన్నీ కట్టాల్సిందే కాబట్టి బిల్డర్ వాడిన లాభమూ దాంతోపాటే పోతుంది. దాని బదులు జాబితాని ఎక్స్‌పాండెడ్‌లో (కాలమ్‌లో మిగిలిన చోటంతా ఇచ్చే విడ్జెట్) చుట్టండి, సరిపోతుంది. పైన బ్యానర్, కింద జాబితా కలిసి కదలాలంటే కస్టమ్‌స్క్రోల్‌వ్యూలో (రకరకాల భాగాలను ఒకే స్క్రోల్‌లో కలిపేది) స్లివర్‌లిస్ట్ (అందులో పట్టే జాబితా) పెట్టుకోండి.