పార్కులో అడవిపూల తోట: డబ్బు కంపెనీదా, కార్పొరేషన్‌దా, కాలనీదా?

మన నేలలో వాటంతటవే పూసే మొక్కలతో పార్కులో ఒక నమూనా తోట వేద్దామని విశాఖలో మా కాలనీలో మాట వచ్చింది. తంగేడు, గునుగు, తుమ్మి, విష్ణుక్రాంత, శంఖుపువ్వు. విత్తనాలు ఖాళీ స్థలాల్లోనూ గట్ల మీదా దొరుకుతాయి (కంబాలకొండ అభయారణ్యంలో మాత్రం కోయకూడదు). మొదటి ఏడాది ఖర్చు ఎవరైనా పెడతారు. రెండో ఏడాది మాలి జీతం ఎవరిస్తారన్నదే ప్రశ్న.

ముందు అందరి చూపూ కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు) మీదే. విశాఖలో కంపెనీలకు కొదవా? 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, 5 కోట్లు, ఆపైన నికర లాభం ఉన్న కంపెనీ గత 3 ఏళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలి. మొక్కలు, జంతువుల రక్షణ కూడా ఆ పద్దులోకే వస్తుంది. డబ్బు ఒకేసారి వస్తుంది, కంచె, పైపులు, పేర్ల బోర్డులు చకచకా అయిపోతాయి. కానీ కొనసాగే ప్రాజెక్టుకు కూడా నిబంధనల్లో గడువు, మొదలైన ఏడాది కాక 3 ఏళ్లే. పైగా ప్రారంభోత్సవం రోజు ఫొటోకి రంగులు కావాలి. గునుగు ఆ తేదీ చూసుకుని పూయదు కదా! చివరికి నర్సరీ నుంచి బంతి కుండీలు దిగుతాయి.

జీవీఎంసీ, అంటే మన విశాఖ నగర కార్పొరేషన్ అయితే స్థలం, నీళ్లు, మాలి అన్నీ ఉంటాయి. ఏటా బడ్జెట్ ఉంటుంది. చిక్కల్లా మెయింటెనెన్స్ కాంట్రాక్టుతోనే. వాళ్ల లెక్కలో నేల నున్నగా కనిపిస్తే పని అయినట్టు. ఒక పార్కులో మేం చల్లిన గునుగు, తెల్లటి వెన్నులు ఇంకా ఎండకముందే, ఒక్క పూటలో గడ్డి కోసే మిషన్‌కి బలైంది. గునుగు ఏడాది మొక్క. విత్తనం రాలాక కోస్తే మళ్లీ వర్షాలకు అదే మొలుస్తుంది, ముందే కోస్తే ఆ మడి ఖాళీ. అలాగే వయ్యారిభామ అనే కలుపుమొక్కను పూతకు రాకముందే పీకాలి, తుమ్మిని వదిలేయాలి. మాలికి రెండూ పక్కపక్కన చూపిస్తే చాలు, పొరపాటు పడడు. ఎప్పుడు ఏది కోయాలో కాంట్రాక్టులో ఒక పేజీ రాయించాలి. దానికి డబ్బక్కర్లేదు, ఆఫీసు చుట్టూ తిరగాలంతే.

ఇక కాలనీ చందా. వినాయక చవితి పందిరికి ఇచ్చినంత హుషారుగా దీనికి ఇవ్వరు, సెక్రటరీ మారితే అదీ ఆగిపోతుంది. అయితే పొద్దున్నే వాకింగ్‌కి వచ్చేవాళ్ల కాపలా ఏ టెండర్‌లోనూ దొరకదు. వాళ్లతోనూ ఒక టెన్షన్ ఉందనుకోండి: తంగేడు ఆకుల్ని లేతపసుపు సీతాకోకచిలుకల గొంగళిపురుగులు తింటుంటే, "పురుగు పట్టింది, మందు కొట్టించండి" అంటారు.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు కార్పొరేషన్ బడ్జెట్‌కే. చందా డబ్బు విత్తనాలకు సరిపోతుంది. కంపెనీ వస్తే పైపులూ బోర్డులూ పెట్టించుకుందాం, మాలి జీతం మాత్రం దాని మీద ఆనించొద్దు. బీచ్ రోడ్డులో వేద్దామన్న మాటకు నేను ఒప్పుకోను, ఆ ఉప్పుగాలికి, ఇసుకకు తీరంలో పాకే బాలబందతీగే సరైనది. కాలనీ పార్కులో ఒక మూల చాలు. జూన్ వానలకు ముందు తంగేడు గింజల్ని వేడినీళ్లలో నానబెట్టే పని నేను చూసుకుంటాను, వాటి పెంకు గట్టిది.