పిల్లల గ్రామమా, సొంత ఇల్లా?

ఎస్‌ఓఎస్ చిల్డ్రన్స్ విలేజెస్ సంస్థ పిల్లలకు రెండు రకాలుగా తోడుంటుంది. 1949లో హెర్మన్ గ్మైనర్ ఆస్ట్రియాలో మొదలుపెట్టిన ఈ సంస్థ 1964 నుంచి మన దేశంలో ఉంది. హైదరాబాద్, విశాఖల్లోనూ ఉంది.

మొదటిది పిల్లల గ్రామం. అమ్మానాన్నలు లేని పిల్లలు కొందరు ఒక ఇంట్లో, ఒక 'అమ్మ' దగ్గర పెరుగుతారు. అక్కాచెల్లెళ్లను, అన్నదమ్ములను విడదీయకుండా ఒకే ఇంట్లో ఉంచడానికి చూస్తారు. వందమంది వరసలో కంచాలు పట్టుకుని నిలబడే హాస్టల్‌కూ దీనికీ పోలికే లేదు.

రెండోది కుటుంబ బలోపేతం. ఇక్కడ బిడ్డ ఇల్లు కదలదు. తల్లికి పని నేర్పించి, పొదుపు సంఘంలో చేర్చి, పిల్లల చదువుకు సాయం చేస్తారు. మా వీధిలో భర్త పోయిన ఒకావిడ పిల్లాణ్ని హాస్టల్‌లో వేద్దామనుకుంది. ఎవరో కుట్టుమిషన్ ఇప్పించారు. ఇప్పుడు ఆవిడ జాకెట్లు కుడుతుంటే, వాడు మిషన్ పక్కనే చాప మీద ఎక్కాలు చదువుతుంటాడు. అది చూశాక నా మనసు రెండోదానివైపే మొగ్గింది.

2015 బాలల న్యాయ చట్టం కూడా బిడ్డను ఆశ్రమం లాంటి సంస్థలో చేర్చడం చివరి మార్గంగానే ఉండాలంటుంది. అయితే ఇంట్లోనే దెబ్బలు తింటున్న బిడ్డకు, నా అన్నవాళ్లే లేని బిడ్డకు ఆ మాట చెప్పలేం. వాళ్లకు గ్రామమే ఇల్లు. అలాంటి బిడ్డ కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.