ఆ లైవ్‌లో "కెమికల్ ఫ్రీ" పెనం బుక్ చేసేవాళ్లు కాస్త ఆగండి

పేజీ పేరు చెప్పక్కర్లేదు. రాత్రిపూట లైవ్ పెట్టి "అక్కా, స్టాక్ అయిపోతోంది, స్క్రీన్‌షాట్ పెట్టేయండి" అంటుందే, ఆవిడే. మీలో సగం మంది కొనే ఉంటారు.

మా వారికి స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. మందు అలవాటు కూడా లేదు. నేను ఆ టెన్షన్‌లో ఉండగా ఈవిడ లైవ్‌లో గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం ఒకటి చూపించి, "దీని మీద దోసెలేసి పెడితే మీ ఆయన లివర్ మీ చేతులతో మీరే పాడుచేసినట్టు అక్కా" అంది. 2,400 కట్టేశాను. సిరామిక్ అట, నూటికి నూరు పాళ్లు కెమికల్ ఫ్రీ అట. నాలాంటి తెలివైనవాళ్ల కోసమే ఆ డైలాగ్ రాసుకుని ఉంటుంది.

కొన్నాళ్లకే నడిమధ్యన కోటింగ్ పెచ్చులూడింది. వాడింది కొయ్య అట్లకాడే. వారంటీ ఏమన్నా ఉందేమోనని అట్టపెట్టె తీసి చూస్తే ఆకుపచ్చ "కెమికల్ ఫ్రీ సిరామిక్" స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది. గోటితో గీకాను. దాని కింద పెట్టె మీద అచ్చేసిన అసలు సంగతి: "పీటీఎఫ్ఈ నాన్‌స్టిక్ కోటింగ్, పీఎఫ్ఓఏ ఫ్రీ." పీటీఎఫ్ఈ అంటే టెఫ్లాన్ పూత. అంటే లైవ్‌లో తిట్టిపోసిన ఆ నాన్‌స్టిక్కే!

ఫొటో పంపాను. అప్పటిదాకా అక్కని, ఆ క్షణం నుంచి మేడమ్‌ని. "అన్‌బాక్సింగ్ వీడియో ఉందా మేడమ్?" వాడాక ఊడిన కోటింగ్ అన్‌బాక్సింగ్ వీడియోలో ఎలా కనపడుతుందో ఆవిడే చెప్పాలి. సరే, స్టిక్కర్ సంగతేంటని అడిగితే వాయిస్ మెసేజ్ పెట్టింది. నవ్వుతూ: "ఫ్యాటీ లివర్ పెనాల వల్ల రాదు మేడమ్, తిండి వల్ల వస్తుంది. ముందు సార్‌కి అన్నం తగ్గించండి." పక్కనే ఆ "సార్" కూర్చుని వింటున్నారు. తర్వాత బ్లాక్.

ఒళ్లు మండేదేంటంటే, అందులో సగం నిజం. మా డాక్టర్ గారూ బరువు, తీపి, అన్నం, నడక గురించే చెప్పారు. ఈ ముక్క లైవ్‌లో చెప్పి ఉంటే ఎవరు కొనేవాళ్లు?

అలాగని కెమికల్స్ వల్ల లివర్‌కి దెబ్బన్నది ఉత్త పుకారు కాదు. అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ దగ్గర టెఫ్లాన్ ఫ్యాక్టరీ నుంచి, ఆ పూత తయారీలో వాడిన పీఎఫ్ఓఏ అనే రసాయనం తాగునీళ్లలో కలిసింది. చుట్టుపక్కల సుమారు 69,000 మందిని పరీక్షించారు. రక్తంలో పీఎఫ్ఓఏ పెరిగేకొద్దీ ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైమ్ కూడా ఎక్కువగా కనిపించింది. కానీ అది ఏళ్ల తరబడి తాగిన నీళ్ల కథ. పెనం నుంచి ఊడిన పెచ్చు కడుపులోకి పోయినా చాలావరకు అరక్కుండానే బయటికి పోతుంది. కాబట్టి మా వారికి ఈ పెనం వల్లే వచ్చిందని నేననను. మా భయాన్ని అమ్ముకుని, మళ్లీ దాన్నే చూసి నవ్వినందుకు నా గొడవ.

"పీఎఫ్ఓఏ ఫ్రీ" అంటే ఆ ఒక్కటే లేదని. పీటీఎఫ్ఈ కూడా పీఎఫ్ఓఏ లాగే పీఎఫ్ఏఎస్ అనే రసాయనాల కుటుంబంలోదే. పీఎఫ్ఓఏ బదులు తెచ్చిన జెన్ఎక్స్ అనే రసాయనానికి 2021లో అమెరికా పర్యావరణ సంస్థ పరిమితి లెక్కకట్టింది కూడా ఎలుకల లివర్‌లో కనిపించిన దెబ్బను బట్టే. మిన్నెసోటా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి కావాలని పీఎఫ్ఏఎస్ కలిపిన వంటపాత్రలు అమ్మకూడదు. ఇక్కడేమో స్టిక్కర్ అంటిస్తే సరి.

కొనేముందు పీటీఎఫ్ఈ ఉందా లేదా అని మెసేజ్‌లో రాతపూర్వకంగా అడగండి. పెట్టె మీద స్టిక్కర్ ఉంటే పీకి చూడండి. ఇప్పటికే నాన్‌స్టిక్ ఉంటే ఖాళీ పెనం పెద్ద మంట మీద వదిలేయకండి, 260 డిగ్రీలు దాటితే ఆ పొర చెడటం మొదలవుతుంది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాను. ఆవిడ వాయిస్ మెసేజ్ డిలీట్ చేసింది, నేను ముందే సేవ్ చేసుకున్నా. మీ పెట్టె మీద కూడా ఆ ఆకుపచ్చ స్టిక్కర్ ఉంటే పీకి, ఫొటో ఇక్కడ పెట్టండి. నా కంప్లైంట్‌కి జత చేస్తాను.