బంగారమా, రీట్‌లా, అన్‌లిస్టెడ్ ఫండ్లా: షేర్లకు తోడుగా ఏది మేలు?

"షేర్లున్నాయి, బాండ్లున్నాయి. వీటితోపాటు పడిపోనిది ఇంకేదైనా కొనాలనుంది, ఏది కొనమంటారు?" ఈమధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. అడగడానికి కారణం ఉంది. 2022లో అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 డివిడెండ్లు కలుపుకున్నా 18 శాతం నష్టపోయింది. దాన్ని ఆదుకోవాల్సిన బాండ్లు కూడా అదే ఏడాది 13 శాతం పడ్డాయి. ఒకటి పడితే రెండోది నిలబడుతుందనుకుని మదుపు చేసినవాళ్లకు రెండు వైపులా దెబ్బ తగిలింది. మూడో దాని కోసం వెతుకులాట అక్కడే పెరిగింది.

నేను కూడా ఆ మూడో భాగాన్ని ఇటీవలే సర్దుకున్నాను. నా ముందు గట్టిగా నిలిచినవి మూడే. ఒకటి బంగారం. రెండోది రీట్‌లు, అంటే అద్దెకిచ్చే భవనాలున్న సంస్థల్లో ఎక్స్ఛేంజీలోనే కొని అమ్ముకోగలిగే వాటాలు. మూడోది అన్‌లిస్టెడ్ ఫండ్లు, అంటే ఎక్స్ఛేంజీకి రాని స్థిరాస్తి ఫండ్లు, ఎక్స్ఛేంజీకి రాని కంపెనీల్లో వాటాలు కొనే ప్రైవేట్ ఈక్విటీ ఫండ్లు. మిగతావాటి సంగతి చివర్లో చెబుతాను.

చాలామంది వీటిని గత పదేళ్ల రాబడితో పోలుస్తారు. ఎంత ఊగిసలాడతాయో చూసేవాళ్లు కొందరు. నేను వీటన్నిటికంటే ముందు ఒకటే అడుగుతాను. షేర్లు సగానికి పడిన రోజున దీన్ని అమ్మి షేర్లు కొనగలనా?

ఎందుకో లెక్క వేసి చూడండి. వంద రూపాయల్లో 70 షేర్లలో, 20 బాండ్లలో, 10 బంగారంలో ఉన్నాయనుకుందాం. షేర్లు సగమయ్యాయి, మిగతా రెండూ కదల్లేదు. ఇప్పుడు మొత్తం 65. మళ్లీ పాత నిష్పత్తికి రావాలంటే షేర్లలో 45.50 ఉండాలి, ఉన్నది 35. బంగారంలో 3.50, బాండ్లలో 7 అమ్మి ఆ 10.50 తీసుకెళ్లి చవగ్గా దొరుకుతున్న షేర్లలో పెట్టాలి. డబ్బును రకరకాల ఆస్తుల్లో పంచి పెట్టడం (డైవర్సిఫికేషన్) వల్ల వచ్చే లాభంలో పెద్ద వాటా ఈ మార్పిడిలోనే ఉంది. పడకుండా నిలబడిన ఆస్తి కాగితం మీద ఎంత అందంగా కనిపించినా, ఆరోజు చేతికి డబ్బై రాకపోతే మన గుండెదడ కొంత తగ్గించడం తప్ప అది చేసిందేమీ లేదు. పైగా అదే సమయంలో ఉద్యోగం పోతే ఇంటి ఖర్చుకు సగం ధరకు పడిన షేర్లనే అమ్ముకోవాల్సి వస్తుంది.

ఈ కొలత పెట్టగానే మొదట జారిపోయేవి అన్‌లిస్టెడ్ ఫండ్లు. వీటిని అమ్మేవాళ్లు ఎప్పుడూ చూపించే బొమ్మ ఒకటుంది: షేర్ల గీత కొండలూ లోయలూ, పక్కన ఫండ్ గీత మెల్లగా పైకెక్కే వాలు. ఆ నునుపు ఎక్కడినుంచి వచ్చిందో 2008, 2009 చూస్తే తెలుస్తుంది. 2008లో అమెరికా లిస్టెడ్ రీట్‌ల సూచీ దాదాపు 38 శాతం పడింది. అక్కడే సంస్థల చేతుల్లో ఉన్న స్థిరాస్తుల విలువను లెక్కగట్టే ఎన్‌క్రీఫ్ సూచీ 6.5 శాతమే తగ్గింది. అక్కడితో ఆగితే అన్‌లిస్టెడే గెలిచినట్టు. మరుసటి ఏడాది రీట్‌లు 28 శాతం లేచాయి, ఎన్‌క్రీఫ్ సూచీ దాదాపు 17 శాతం పడింది. రెండు సూచీల్లోనూ ఉన్నది అవే రకం ఆస్తులు: ఆఫీసులు, మాల్స్, గోదాములు, అపార్ట్‌మెంట్లు. రీట్‌లకు అప్పుల బరువు ఎక్కువ కాబట్టి కొంత తేడా దానివల్ల వచ్చిందే. కానీ అసలు తేడా ధర ఎవరు చెబుతున్నారన్నది. ఒకదానికి రోజూ సంత ధర చెబుతుంది. రెండోదానికి మూణ్నెల్లకోసారి మదింపుదారు చెబుతాడు, అదీ అప్పటికే జరిగిపోయిన అమ్మకాలు చూసి. పడటం ఆగలేదు, ఆ కబురే ఆలస్యంగా వచ్చింది.

ఇక బయటికొచ్చే తలుపు సంగతి. 2016లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని ఓటేసిన వారాల్లోనే అక్కడి పెద్ద పెద్ద ప్రాపర్టీ ఫండ్లు ఒకదాని తర్వాత ఒకటి ఉపసంహరణలు ఆపేశాయి, అంటే మదుపరులు డబ్బు వెనక్కి తీసుకోకుండా తలుపు మూసేశాయి. 2020 మార్చిలో మళ్లీ అదే జరిగింది. అమెరికాలో బ్లాక్‌స్టోన్ సంస్థవారి అన్‌లిస్టెడ్ స్థిరాస్తి ఫండ్ బ్రీట్ 2022 చివర్లో ఉపసంహరణలకు పరిమితి పెట్టింది: నెలకు 2 శాతం, మూణ్నెల్లకు 5 శాతం. అడిగినవాళ్లందరికీ పూర్తిగా డబ్బు ఇవ్వడం మళ్లీ మొదలైంది 2024 ఫిబ్రవరిలో. ఇందులో మోసమేమీ లేదు, ఆ నిబంధన మొదటినుంచీ పత్రాల్లో ఉన్నదే. భవనాన్ని ముక్కలు చేసి వారంలో అమ్మలేరు కాబట్టి అలాంటి నిబంధన ఉండి తీరాలి. మన అవసరమే దానితో కుదరదు.

నేనిది చదివి మాత్రమే చెప్పడం లేదు. అలాంటి ఫండ్ ఒకదాంట్లో నేను డబ్బు పెట్టాను. స్టేట్‌మెంట్ వచ్చిన ప్రతిసారీ చూసుకుని సంతోషించాను. షేర్లు బాగా పడినప్పుడు కొందామని ఉపసంహరణకు రాసిస్తే వరుసలో నిలబెట్టారు. విడతలు విడతలుగా మొత్తం చేతికందేసరికి ఏడాది దాటింది. నష్టం రాలేదు, కానీ నేను కొనాలనుకున్న ధర అప్పటికి వెళ్లిపోయింది. ఆ ఏడాది నాకు నేర్పినంత ఏ పట్టికా నేర్పలేదు.

"మరి పెద్ద విశ్వవిద్యాలయాల నిధులు వీటిలోనే పెడుతున్నాయి కదా?" అంటారు. నిజమే. డేవిడ్ స్వెన్సన్ 1985 నుంచి 2021లో చనిపోయేవరకూ అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ నిధిని ఈ దారిలోనే నడిపి పేరు తెచ్చుకున్నారు. కానీ వందల ఏళ్లు నిలిచే సంస్థ ఓపిక వేరు, ఫండ్ మేనేజర్లలో మేలైనవాళ్లను ఏరుకోగల ఆయన బృందం వేరు. మామూలు మదుపరులకు ఆయన చెప్పింది సూచీలో ఉన్నవాటినే కొని ఉంచే తక్కువ ఖర్చు ఇండెక్స్ ఫండ్లే, స్థిరాస్తి భాగం కూడా రీట్‌ల ద్వారానే. అంతటి సంస్థలకూ చేతిలో డబ్బు లేక ఇబ్బంది తప్పలేదు. 2009 జూన్‌తో ముగిసిన ఏడాదిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ నిధి పెట్టుబడుల మీద 27 శాతం నష్టపోయింది. చేతిలో నగదు చాలక విశ్వవిద్యాలయం బాండ్లు జారీ చేసి 250 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. వాళ్లకు అప్పిచ్చేవాళ్లున్నారు. మనకు?

కాబట్టి అసలు పోటీ బంగారానికీ రీట్‌లకూ మధ్యే.

రీట్‌ల బలం అద్దె. చాలా దేశాల్లో పన్ను వర్తించే ఆదాయంలో 90 శాతం యూనిట్‌దారులకు పంచాలన్న నియమం ఉంది. ఆ విధానం అమెరికాలో 1960లో చట్టంగా వచ్చింది. ఆస్తి తన ఖర్చు తాను సంపాదించుకుంటూ మనకూ కొంత ఇస్తుంది. ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. లోపమల్లా, అందరూ అమ్మే రోజున అదీ పడుతుంది. పైన చెప్పిన 38 శాతం మరిచిపోకండి. వడ్డీ రేట్లు పెరిగినప్పుడు బాండ్లతో కలిసి కూడా పడుతుంది. దీర్ఘకాలంలో షేర్ల కంటే కొంత వేరే దారిలో నడిచే ఆదాయ వనరుగా దీన్ని ఉంచుకోవచ్చు. గాలివానలో గొడుగని నమ్మితే మాత్రం తడిసిపోతాం.

బంగారం తీరు దీనికి పూర్తిగా తలకిందులు. అద్దె లేదు, వడ్డీ లేదు, లాభాల్లో వాటా లేదు. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకు కొన్న మనిషి 1999లో 250 డాలర్ల పైచిలుకు ధర చూశాడు. దాదాపు ఇరవై ఏళ్ల నిరీక్షణ, మధ్యలో పెరిగిన ధరలను లెక్కలోకి తీసుకుంటే నష్టం ఇంకా లోతు. 2011లో 1,900 డాలర్ల దగ్గర ఎగబడి కొన్నవాళ్లు 2015 చివరికి 1,050 దగ్గరికి దిగడం చూశారు. దీన్ని భద్రమైన ఆస్తి అని ఎవరైనా అంటే ఈ రెండు కథలూ చెబుతాను.

అయినా నా మొగ్గు బంగారం వైపే. షేర్లు 37 శాతం నష్టపోయిన 2008లో అది డాలర్లలో సుమారు 5 శాతం పెరిగింది. షేర్లూ బాండ్లూ కలిసి పడిన 2022లో ఉన్నచోటే నిలబడింది. 2008 అక్టోబరులో నగదు కోసం అందరూ దొరికిందల్లా అమ్మినప్పుడు బంగారమూ పడింది, కొన్ని వారాల్లో తేరుకుంది. అంత గందరగోళంలోనూ కొనేవాడు దొరకని రోజు లేదు. షేర్లు పడిన రోజున అమ్మగలనా అని ముందు అడిగిన ప్రశ్నకు ఇదొక్కటే గట్టిగా అవునంటుంది. ఎక్స్ఛేంజీలో షేరులా కొని అమ్ముకునే ఫండ్ (ఈటీఎఫ్) రూపంలో ఉంటే ఆ పని ఫోన్‌లోనే అయిపోతుంది. నగల రూపంలో ఉన్నదాన్ని నేను ఈ లెక్కలో కలపను. మజూరీ, తరుగు పోతాయి, పైగా అవసరం వచ్చినా అమ్మడానికి మనసు రాదు.

నా దగ్గర ఇప్పుడు బంగారం 10 శాతం, రీట్‌లు 5 శాతం. నెలనెలా అద్దె రాబడి మీద బతికేవాళ్లయితే ఈ రెంటినీ తారుమారు చేసుకోమంటాను, అప్పుడు అమ్మగలనా అన్న ప్రశ్న కంటే ఆదాయమే ముఖ్యం.

మిగతావి క్లుప్తంగా. ధనిక మదుపరుల డబ్బుతో రకరకాల ఎత్తుగడలు వేసే హెడ్జ్ ఫండ్లకు ఏటా పెట్టిన సొమ్ములో 2 శాతం, లాభంలో 20 శాతం ఫీజుగా ఇచ్చే పాత రివాజు తలచుకుంటేనే నాకు ఆసక్తి పోతుంది. 2008 నుంచి 2017 వరకు పదేళ్ల పందెంలో మామూలు ఇండెక్స్ ఫండ్‌తో అమెరికా మదుపరి వారెన్ బఫెట్ హెడ్జ్ ఫండ్ల బుట్టను ఓడించారు. చమురు లాంటి సరకులను ముందు తేదీకి ధర కుదుర్చుకునే కాంట్రాక్టుల (ఫ్యూచర్స్) ద్వారానే కొనగలం, గడువు దగ్గరపడగానే కాంట్రాక్టు మార్చుకోవాలి, మార్చిన ప్రతిసారీ ఖర్చు. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు కాంట్రాక్టు ధర సున్నా కంటే 37 డాలర్లు కిందికి పోయింది. బిట్‌కాయిన్‌కు అమ్ముడుపోయే గుణం ఉంది, కానీ 2022లో 60 శాతానికి పైగా పడింది. షేర్లతోపాటు, వాటికంటే లోతుగా పడేదాన్ని షేర్లకు తోడుగా నేను పెట్టుకోను. బ్యాంకు లేకుండా ఆన్‌లైన్‌లో వేరేవాళ్లకు మనమే ఇచ్చే పీర్ టు పీర్ అప్పుల్లో ఎగవేతలు పెరిగేది మన ఉద్యోగాలకు ముప్పొచ్చే రోజుల్లోనే. చిత్రాలు, పాత నాణేలు ఇష్టముంటే కొనుక్కోండి, లెక్కలో కలపకండి.

ఇప్పటికే అన్‌లిస్టెడ్ ఫండ్‌లో ఉన్నవాళ్లు ఉపసంహరణ నిబంధన ఉన్న పేజీ ఈ వారమే తీసి చదవండి. మూణ్నెల్లకు ఎంత శాతం, ఎన్ని రోజుల ముందు రాసివ్వాలి, మేనేజర్ ఎప్పుడు ఆపగలడు, ఈ మూడూ రాసి పెట్టుకోండి. బయటికి రావాలనుకుంటే మార్కెట్లు ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసివ్వండి, అప్పుడు వరుస చిన్నది.