మా రొయ్యల ప్లాంట్‌లో వాజూ: ఏడాది వాడాక నా మాట

మాది భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్. ఆఫీసు, కోల్డ్ స్టోరేజీ, ఆకివీడులో ఒకటి పాలకొల్లులో ఒకటి మేత డిపోలు, అన్నీ కలిపి 22 కంప్యూటర్లు, ఒక ఫైర్‌వాల్. వీటి లాగ్‌లన్నీ (ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏం మారింది అని ప్రతి యంత్రం రాసుకునే చిట్టాలు) ఒకచోట చేర్చి చూడటానికి ఏడాదిగా వాజూ (Wazuh) అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. ఓపెన్ సోర్స్, లైసెన్స్ ఖర్చు లేదు. 25 కంప్యూటర్ల లోపైతే 4 కోర్లు, 8 జీబీ ర్యామ్ చాలని వాళ్ల గైడ్‌లోనే ఉంది, మాకు అలాగే సరిపోయింది. బాగుంది, ధైర్యంగా పెట్టుకోండి. అయితే పెట్టిన మొదటి నాలుగు నెలలూ మాకు దానివల్ల ఒరిగిందేమీ లేదు, తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అంతకుముందు ఒక కంపెనీ దగ్గర లాగ్ సర్వీస్ తీసుకున్నాం. రోజుకు ఎన్ని జీబీలు పంపితే అంత బిల్లు. ఏవి పంపాలి, ఎందుకు పంపాలి అని వాళ్లూ అడగలేదు, మేమూ ఆలోచించలేదు, ఫైర్‌వాల్ దాటిన ప్రతి కనెక్షన్‌తో సహా ఉన్నవన్నీ పంపేశాం. నెలాఖరుకి రంగురంగుల గ్రాఫులతో ఒక పీడీఎఫ్ వచ్చేది. మా రాజుగారు ఒకసారి దాన్ని చివరిదాకా తిరగేసి "ఏమండీ, నెలనెలా ఇంత కడుతున్నాం, ఇందులో మనం చెయ్యాల్సిన పని ఒక్కటైనా ఉందా?" అని అడిగారు. లేదు. అందుకే ఆపేశాం.

వాజూకి వచ్చాక కూడా అదే పొరపాటు చేశాం. ఇందులో ప్రతి అలర్ట్‌కీ అదెంత తీవ్రమైనదో చెప్పే ఒక లెవెల్ ఉంటుంది. మామూలుగా 3 నుంచి పైవి నిల్వ ఉంచుతుంది, మెయిల్ పంపడం మాత్రం 12 నుంచే. మేం ఏదీ తప్పిపోకూడదని ఆ మెయిల్ లెవెల్‌ని 5కి దించాం. రోజూ వందల మెయిళ్లు, రెండో వారానికి అందరూ వాటిని తెరవడం మానేశారు.

చెరువు దగ్గర రైతు పొద్దున్నే ఏం చేస్తాడు? చెరువంతా కలియబెట్టి చూడడు కదా. చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా అని చూస్తాడు, దాన్నిబట్టి ఆ పూట మేత తగ్గించాలో పెంచాలో తేల్చుకుంటాడు. మేమూ అలా కూర్చుని, మాకు నిజంగా నష్టం ఎటునుంచి వస్తుందో ఒక కాగితం మీద రాసుకున్నాం. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా పోవడం ఒకటి. రెండోది ఇంకా పెద్దది: ఎగుమతి బిల్లు మెయిల్ మధ్యలో ఎవడో చదివి, బయ్యర్‌కి వేరే బ్యాంక్ అకౌంట్ నంబర్ పంపడం. ఒక్క కంటైనర్ డబ్బు అటు పోతే తిరిగి రావడం ఎంత కష్టమో ఎగుమతి చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. కాబట్టి ఆఫీస్ 365 లాగ్‌లు కూడా వాజూకి కలిపి, ఎవరి మెయిల్‌బాక్స్‌లోనైనా కొత్తగా ఫార్వర్డ్ రూల్ (వచ్చిన మెయిళ్లను వాటంతటవే వేరే అడ్రస్‌కి పంపే సెట్టింగ్) పడితే ఫోన్‌కి అలర్ట్ వచ్చేలా పెట్టాం. విండోస్‌లో తప్పు పాస్‌వర్డ్‌లు (విండోస్ లాగ్‌లో దీని నంబర్ 4625) వరసగా పడటం, కొత్త యూజర్ పుట్టడం (4720), ఎవరినైనా అడ్మిన్ గ్రూపులో చేర్చడం (4732), సెక్యూరిటీ లాగ్‌నే తుడిచెయ్యడం (1102), ఇవి ఉంచాం. మిగతావాటికి మెయిల్ కట్. ఆ తర్వాతే ఇది పనికొచ్చింది.

ఎలాగంటే, ఒక రోజు పొద్దున చూస్తే ఆకివీడు డిపో టాలీ కంప్యూటర్ మీద రాత్రి రెండు నుంచి 4625లు వరస కట్టి ఉన్నాయి. యూజర్ పేర్లు అడ్మిన్, అడ్మినిస్ట్రేటర్, టాలీ, యూజర్1, ఒక్కోటీ ఒక్కో దేశం ఐపీ నుంచి. డిపోకి ఫోన్ చేస్తే తేలింది, సీసీ కెమెరాలు బిగించిన అబ్బాయి ఇంటి దగ్గర్నుంచి చూసుకోవడానికని రౌటర్‌లో 3389 పోర్ట్ (బయటి నుంచి కంప్యూటర్‌ని నడిపే రిమోట్ డెస్క్‌టాప్ దారి) తెరిచి వదిలేశాడు. ఆ ఐపీల నుంచి లాగిన్ అయినట్టు 4624 ఒక్కటీ లేదు, అంటే లోపలికి ఎవరూ రాలేదు. అప్పటికప్పుడే పోర్ట్ మూయించి, పాస్‌వర్డ్‌లు మార్చాం. పాత పీడీఎఫ్ అయితే ఇది మాకు నెలాఖరుకి "విఫలమైన లాగిన్లు" అనే ఒక ఎర్ర గీతలో కనిపించేది.

రెండు మూడు విషయాలు ముందే చూసుకోండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, సైబర్ దాడి లాంటిది ఏదైనా జరిగితే తెలిసిన 6 గంటల్లో వాళ్లకి చెప్పాలి. వాజూ మామూలుగా నిల్వ ఉంచేది అలర్ట్‌లనే, వచ్చిన ప్రతి లాగ్‌నీ కాదు. అన్నీ కావాలంటే సెట్టింగ్స్‌లో లాగ్‌ఆల్ అనేది ఆన్ చెయ్యాలి, డిస్క్ కూడా దానికి తగ్గట్టు కొనాలి. విండోస్ సెక్యూరిటీ లాగ్ సైజు మామూలుగా 20 ఎంబీయే, నిండితే పాతవాటి మీదే రాసేస్తుంది, కాబట్టి ఆ కంప్యూటర్‌లో ఉంటాయిలే అనుకోవద్దు. టైమ్ సంగతి మరీ ముఖ్యం. మా ఫైర్‌వాల్ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక టైమ్), కంప్యూటర్లు మన టైమ్‌లో ఉండేవి, ఆ అయిదున్నర గంటల తేడాతో ఏది ముందో ఏది వెనకో తెలియక ఒక సాయంత్రం అంతా పోయింది. ఇప్పుడు అన్నిట్లోనూ మన టైమ్‌జోనే పెట్టి, గడియారాలు ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ) టైమ్ సర్వర్‌తో కలిపాం.

ఇంకొకటి, మాట్లాడటం మానేసిన కంప్యూటర్‌ని కూడా అలర్ట్‌గానే చూడండి. మా పాలకొల్లు డిపోలో కరెంటు పోయినప్పుడల్లా ఏజెంట్ (ప్రతి కంప్యూటర్‌లో ఉండి లాగ్‌లు పంపే వాజూ ప్రోగ్రామ్) డిస్కనెక్ట్ అని వస్తుంది, చాలాసార్లు అది కరెంటే. అయినా మా అబ్బాయి ప్రతిసారీ ఫోన్ చేసి కనుక్కుంటాడు, రెండు నిమిషాల పని.

నా రేటింగ్ అయిదుకి నాలుగు. ఒకటి ఎందుకు తగ్గించానంటే, ఏ లాగ్‌కి అలర్ట్ ఇవ్వాలో చెప్పే రూల్స్ రాసుకోవడానికి ఎక్స్ఎంఎల్ (ఆ రూల్స్ రాసే ఫార్మాట్) తెలిసిన మనిషి కావాలి, చిన్న ఆఫీసుల్లో అలాంటివాళ్లు దొరకడం కష్టం. రోజూ పొద్దున పావుగంట కూర్చుని చదివే మనిషిని చూపించలేకపోతే మాత్రం ఇదీ వద్దు, డబ్బు పెట్టి కొనేదీ వద్దు. మాకు మిగిలిన పని ఒకటుంది: ఈ లాగ్‌ల కాపీ ఇంకా వాజూ ఉన్న సర్వర్‌లోనే ఉంది, దాడి చేసేవాడు ఆ సర్వర్‌లోకే దూరితే తుడిచేస్తాడు. సంక్రాంతిలోపు కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో విడిగా ఒక బాక్స్ పెట్టి రోజూ రాత్రి అక్కడికి పంపించబోతున్నాం.