నర్సు జారిపడకుండా ఉండాలంటే మంచి బూట్లు మేలా, నేలను సరిచేయడం మేలా?

ఆసుపత్రిలో నర్సో ఆయానో జారిపడితే మొదట వినబడే మాట "చూసుకుని నడవాలి కదా" అని. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. చేతిలో మందుల ట్రే, చూపు రోగి మీద ఉన్న మనిషి నేలను చూస్తూ నడవడం కుదరదు. చూడవలసింది ఆమె కాలికి ఏముంది, కాలి కింద ఏముంది అన్నదే.

బూట్ల బలం తక్కువది కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ సిబ్బంది 4,553 మందిలో దాదాపు సగం మందికి జారని అడుగున్న బూట్లు ఇచ్చి చూశారు. మిగతావారితో పోలిస్తే వాళ్లు కాలు జారడం 37 శాతం తగ్గింది. పైగా ఈ రాత్రి డ్యూటీకే వేసుకుని వెళ్లవచ్చు. అడుగు అరిగి నున్నబడిన చెప్పులు తడి గ్రానైట్ మీద నిలవవు, వాటిని వెంటనే మార్చాలి. అయితే మానిటర్ తీగ, సెలైన్ స్టాండు కాళ్లు, పైకి లేచిన టైలు అంచు తగిలి పడేవాళ్లకు ఎంత మంచి బూటైనా అక్కరకు రాదు.

నేల సంగతి వేరు. అమెరికాలో మూడు ఆసుపత్రులు శుభ్రం చేసే పద్ధతి, నేల మీద పరిచే మ్యాట్లు, తీగలు, అవసరమైన చోట బూట్లు, అన్నీ కలిపి సరిదిద్దుకున్నాయి. పడిపోయి నష్టపరిహారం కోరినవారు ప్రతి వంద మంది పూర్తికాల ఉద్యోగులకు ఏడాదికి 1.66 నుంచి 0.76కు తగ్గారు. రెండు అధ్యయనాలూ కొలిచింది ఒకటి కాదు కనుక అంకెను అంకెతో పోల్చలేం. కానీ దారి తెలుస్తోంది.

మన వార్డుల్లో దీనికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. కారిడార్‌ను నిలువుగా సగం తుడిచి, అది ఆరాక మిగతా సగం తుడవాలి. తడి మాపు వెనకే పొడి మాపు పెట్టాలి. డ్యూటీ మారే వేళ బకెట్ బయటకు తీయకూడదు. గోడకున్న శానిటైజర్ సీసా కింద పడే చుక్కలకు ఒక మ్యాట్ వేయాలి. "నేల తడిగా ఉంది" అనే పసుపు రంగు బోర్డు హెచ్చరిస్తుందే తప్ప తడిని ఆరబెట్టదు.

నా ఓటు నేలకే. బూటు వేసుకున్నవారినే కాపాడుతుంది. పొడి నేల ఆయానూ, రోగినీ, అన్నం క్యారేజీతో వచ్చిన బంధువునూ కాపాడుతుంది. వంటగది, పరికరాలు కడిగే గది మాత్రం ఎప్పుడూ తడిగానే ఉంటాయి. అక్కడ ముందు బూట్లే కావాలి, వాటి ఖర్చు ఆసుపత్రే భరించాలి, జీతంలో కోయకూడదు.